లింగయ్య బావ నవ్వు ఎట్ల మాయమైందంటే

"షట్టర్లు దించుండ్రోయ్... వస్తాన్రు!"

బజారు ఆ మూల నుంచి కేక వినబడ్డది. నేను అప్పుడు కంప్యూటర్ ముంగట కూసోని, మా లింగయ్య బావ చెవి పక్కనున్న కరెంటు స్తంభాన్ని చెరిపేస్తున్న. నిజం స్తంభం కాదు, ఫొటోల ఉన్నది. ఆ కేక విని నేను గూడ అందరి లెక్క షట్టర్ ఒక్కటి దించి, చేతులు కట్టుకోని నిలబడి ఉంటే ఇయ్యాల మీకు చెప్పుకునే ముచ్చటే లేకపోవు. గని నేను షట్టర్‌తోని ఆగలే.

మా కాజీపేట బజార్ల ఒక పద్ధతి ఉన్నది. బజారు మనిషి ఎవలన్న పోతే, ఆఖరుసారి ఆ తొవ్వన తీస్కపోయేటప్పుడు రెండు దిక్కుల షాపులోళ్లు షట్టర్లు సగం దించుతరు, లైట్లు ఆర్పుతరు, లేచి నిలబడుతరు. ఆ దినం పోతున్నది టైలర్ సత్తయ్య. నా పెండ్లి ప్యాంటు కుట్టినాయన. అసొంటి పెద్దమనిషికి లైటు ఒక్కటి ఆర్పితే ఏం మర్యాద అనిపిచ్చింది. మా జిరాక్స్ మిషిన్ పని లేనప్పుడు గూడ గుర్రుమంటనే ఉంటది. శవం ముంగట నుంచి పోతుంటే ఆ గుర్రు బాగుండదనుకున్న. పోయి మెయిన్ స్విచ్చే బంద్ చేసిన. డప్పులు దాటిపోయేదాక తల వంచుకోని నిలబడ్డ. అంత మర్యాద బజార్ల ఇంకెవ్వలు చెయ్యలే. నాకు పడ్డంత దెబ్బ గూడ ఇంకెవ్వలకు పడలే.

ఎందుకో అర్థం గావాలంటె నాలుగొద్దులు ఎనుకకు పోవాలె.

నాది చిన్న జిరాక్స్ షాపు. ఫొటోలు, లగ్నపత్రికలు, దరఖాస్తులు, అన్నీ ఒక్క కంప్యూటర్ మీదనే. దానికి వయసైంది. ఒకనాడు పొద్దున ఆన్ చేస్తే నీలం తెర వచ్చి అట్లనే నిలబడ్డది. రెండు షాపుల అవతల సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే యాకూబ్ ఉంటడు. నాకంటె చిన్నోడు, నన్ను అన్నా అంటడు. వచ్చి డబ్బా ఇప్పి, దుమ్ము ఊదిండు. హార్డ్‌డిస్కు అలిసిపోయింది, కొత్త విండోస్ ఈ ముసలిదాని మీద నడవది, విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఏద్దామన్నడు. నేను ఆ పేరు వినుడే తప్ప మొఖం చూసింది లేదు. డబ్బులు గూడ తీస్కోరట, ఫ్రీ అట. ఫ్రీ అనంగనే నాకు కొంచెం అనుమానమే వచ్చింది. అయినా సరే అన్న.

పెన్‌డ్రైవ్ పెట్టిండు. తెర మీద రెండు వచ్చినయి. ఒకటి ట్రై, ఇంకోటి ఇన్‌స్టాల్. ఇన్‌స్టాల్ నొక్కుతే డిస్కుల ఉన్నదంత చెరిపేస్త, సరేనా అని అడిగింది. ఇరవై ఏండ్ల పని ఉన్నది దాంట్ల. ఆగు తమ్మీ అని యాకూబ్ చెయ్యి పట్టుకున్న. ఆయన నవ్వి, అయితె ట్రై మీద రెండొద్దులు నడిపి చూడు, నచ్చితె పాతయన్నీ పక్కకు తీసి పక్కాగ ఏస్త అన్నడు.

పోయేటప్పుడు ఇంకో మాట గూడ చెప్పిన్నంటడు. ట్రైల ఏం దాచినా కంప్యూటర్ ఆపంగనే పోతది, జర పైలం అని. చెప్పిండేమో. అప్పటికే ఆయన హెల్మెట్ పెట్టుకోని బండి మీద ఉన్నడు, నేను కొత్త తెర చూసుకుంట కూసున్న. ఇద్దరం ఎవరి లోకంల వాళ్లం.

మొదటి దినం ఏడుపొక్కటే తక్కువ. స్టార్ట్ లేదు. సీ డ్రైవ్ లేదు, డీ డ్రైవ్ లేదు. హోం అని ఒకటి ఉన్నది, అండ్ల డాక్యుమెంట్స్, పిక్చర్స్ అని ఖాళీ డబ్బాలు. కిరాయికి దిగిన కొత్తింట్ల బల్బు స్విచ్చు ఎక్కడున్నదో తెల్వక గోడలు తడుముతం చూడు, అట్లున్నది నా పని. ఇంకా పెద్ద దెబ్బ ఏందంటె, రిఫ్రెష్ లేదు. మనకు ఇన్‌స్టిట్యూట్ల మొదటి దినం నేర్పిచ్చిందే అది కద. రైట్ క్లిక్కు, రిఫ్రెష్. మల్ల రైట్ క్లిక్కు, మల్ల రిఫ్రెష్. దాంతోని ఏమైతదో నేర్పిన సారుకు తెల్వది, నేర్చుకున్న మనకు తెల్వది. అయినా పొద్దుగాల షాపు ముంగట నీళ్లు చల్లినట్టు, ఆన్ చెయ్యంగనే మూడుసార్లు రిఫ్రెష్ కొట్టకపోతె నాకు చెయ్యి కదలది. లినక్సుల రైట్ క్లిక్కు కొడితె ఏవేవో వచ్చినయి గని అదొక్కటి రాలే. యాకూబ్‌కు ఫోన్ చేసి రిఫ్రెష్ ఎక్కడ దాపెట్టిన్రని అడిగిన. దాని అవసరమే లేదన్నా, ఎప్పటికప్పుడు తాజాగనే ఉంటది అన్నడు. అవసరం ఉన్నదనా మనం కొట్టేది?

రెండో దినం ఒక నోట్‌బుక్ తెచ్చి రాసుకునుడు షురూ చేసిన. కిటికీ బొమ్మ బటన్ నొక్కితె తెరిచిన పేజీలన్ని చిన్నగై వరుసగ నిలబడుతయి, హెడ్‌మాస్టర్ వచ్చినప్పుడు పిల్లలు లేచినట్టు. మూసే గుర్తు మూలకు ఉన్నది. ఫొటోలు దిద్దేదానికి వేరే ప్రోగ్రాం ఉన్నది, దాని పనిముట్లన్ని ఎడమ దిక్కు పేర్చి ఉంటయి. తెలుగు అక్షరాలు మస్తు అందంగ వస్తాన్నయి. ఇట్ల పది పేజీలు రాసిన. మూడో దినానికి నాకు రెక్కలొచ్చినయి. చాయ్ బండి కాడ నిలబడి లినక్స్ అంటె ఏందో అందరికి చెప్పిన. చాయ్ పోసేటాయన పాపం, రెండుసార్లు విన్నడు.

ఒక సంగతి మాత్రం చెప్పాలె. రాత్రి షాపు మూసేటప్పుడు నేను కంప్యూటర్ ఆపనే ఆపలే. పెన్‌డ్రైవ్ మీద లేవాలంటె శానసేపు పడుతదని మానిటర్ ఒక్కటే ఆర్పి పోతుంటి. యూపీఎస్ ఉన్నది గని, దాని బ్యాటరీ సచ్చి ఏండ్లయింది. ఇప్పుడది అగరుబత్తులు గుచ్చే స్టాండు.

నాలుగో దినం పొద్దున మా అక్క కనకమ్మ ధర్మసాగర్ నుంచి ఆటోల వచ్చింది.

మా లింగయ్య బావ పోయి అప్పటికి ఎనిమిదొద్దులు. రైల్వేల గ్యాంగ్‌మన్ చేసి రిటైరైన మనిషి. ఎండల, వానల పట్టాల పొంటి నడిచిన పాణం. ఏ జబ్బు లేకుంట, పొద్దుగాల చాయ్ తాగుత అని కూసోని అట్లనే పక్కకు ఒరిగిండు. మా నాయిన పోయినంక నాకు నాయిన అసొంటోడు ఆయనే. నా షాపుకు మొదటి తాళంకప్ప కొనిచ్చింది ఆయనే. అక్క వచ్చి కౌంటర్ కాడ నిలబడితే, నేను కుర్చీ తుడిచిన. తుడిచిందాన్నే మల్ల తుడిచిన.

బావకు ఫొటో దిగుడంటె పడకపోవు. పెండ్లిళ్లల్ల కెమెరా ఇటు తిరిగితె ఆయన అటు తిరుగుతుండె. ఆధార్ కార్డు మీద ఒకటి ఉన్నది, అండ్ల శిక్ష పడ్డ మనిషి లెక్క ఉంటడు. నవ్వుకుంట ఉన్న ఫొటో జిందగీ మొత్తంల ఒక్కటే. పోయినేడు ఏటూరునాగారంల చుట్టాల పెండ్లికి పోయినప్పుడు అక్క ఫోన్‌ల పడ్డది. పండ్లన్ని బయటపెట్టి, కండ్లు మూసుకోని నవ్వుతాండు.

అక్క ఫోన్ నా చేతుల పెట్టింది.

"సాంబీ, ఇంక మూడొద్దులల్ల పదకొండోనాటి పెద్ద దినం. కుర్చీల ఈ నవ్వు మొఖమే పెట్టాలెరా. ఆ కార్డు మీది మొఖం పెడితె మనిషిని మల్ల సంపినట్టే."

ఫికర్ చెయ్యకు అక్కా, నేనున్న కద అన్న.

ఫోన్‌కు వైరు పెట్టిన. లినక్సుల ఫోన్ తెరుచుడు గూడ అప్పటికే నేర్చుకున్న, నోట్‌బుక్‌ల ఆరో పేజీ. పాపం ఆ ఫోన్‌ల జాగ లేక నిమిషానికోసారి మెమరీ ఫుల్ అని మొత్తుకుంటాంది. అక్కకు మేలు చేద్దామని బుద్ధి పుట్టింది. ఫొటోలన్నిటిని ఒక్కసారి పట్టి, కాపీ కాదు, కట్ కొట్టిన. తెచ్చి కంప్యూటర్‌ల పేస్ట్ కొట్టిన. ఫోన్ దూది లెక్క తేలికైంది. ఇగ హాయిగ నడుస్తది తీస్కపో అని ఇచ్చిన. అక్క కండ్లు తుడుచుకోని, ఎంత మంచోనివిరా అని నా తల మీద చెయ్యి పెట్టి ఆటో ఎక్కింది.

ఇగ పని మీద కూసున్న. ఫొటోల బావ ఎనుక ఒక మేకపిల్ల నిలబడి ఉన్నది, చెవి పక్కన కరెంటు స్తంభం. మేకపిల్లను చెరిపెయ్యడానికి మధ్యాహ్నం దాక పట్టింది. నున్నగ చేసిన. పది నిమిషాలకోసారి సేవ్ కొట్టుకుంట పోయిన, అంత జాగ్రత్త మనిషిని. స్తంభం సగం దాక వచ్చిన. అప్పుడే బజారు మూల నుంచి ఆ కేక.

సత్తయ్య పోయిండు. డప్పులు దూరమైనయి. షట్టర్ ఎత్తి మెయిన్ ఏసి, కంప్యూటర్ ఆన్ చేసిన. మెల్లగ లేచింది. ట్రై, ఇన్‌స్టాల్ అని అడిగింది. ట్రై నొక్కిన. తెర వచ్చింది, కడిగి బోర్లిచ్చిన పళ్లెం లెక్క. ఒక్క ఫైలు లేదు. హోంల పోయి చూసిన, పిక్చర్స్ ఖాళీ. డాక్యుమెంట్స్ ఖాళీ. చెత్తడబ్బా గూడ ఖాళీ. రైట్ క్లిక్కు కొట్టిన. రిఫ్రెష్ లేదు. జిందగీల నాకు దాని అవసరం నిజంగ పడ్డది ఆ ఒక్క దినమే.

యాకూబ్ ఉరికొచ్చిండు. తెర చూసిండు, పెన్‌డ్రైవ్ చూసిండు, నన్ను చూసిండు.

"అన్నా, మెయిన్ బంద్ చేసినవా?"

"సత్తయ్య పోతాండు కద తమ్మీ, మర్యాద ఉండాలె కదా అని..."

"సత్తయ్యతోనే అన్నీ పోయినయన్నా."

తర్వాత కూసోబెట్టి నిమ్మలంగ చెప్పిండు. ట్రై అంటె ఇల్లు కట్టుకునుడు కాదు, టాకీస్‌ల కుర్చీ మీద రుమాలేసి కూసునుడు. ఆట నడిచినంత సేపు ఆ కుర్చీ మనదే. లైట్లు ఏస్తే కుర్చీ ఎవలదో, మనమెవలమో. నేను నాలుగొద్దులు టాకీస్ కుర్చీల సంసారం చేసిన. ఆఖరికి మా బావను గూడ తెచ్చి అండ్లనే కూసోబెట్టిన.

ఫోన్‌ల కట్ చేసినయి ఎక్కడన్న మిగిలి ఉంటయేమో చూద్దామన్నడు యాకూబ్. అక్కకు ఏదో సాకు చెప్పి తెల్లారి ఫోన్ తెప్పిచ్చినం. ఆయన ఏవేవో ప్రోగ్రాములు పెట్టి రెండు గంటలు గెలికిండు. ముప్పై గులాబీ పువ్వుల గుడ్ మార్నింగులు వచ్చినయి. ఎవలదో పెండ్లి భోజనాల చీటీ వచ్చింది. మేకపిల్ల సగం వచ్చింది. నేను పొద్దంత కండ్లు గుంజంగ చెరిపేసిన మేకపిల్ల. బావ రాలే.

అక్కకు చెప్పాలె. చెప్పలే. దినానికి రెండుసార్లు ఫోన్ చేసి ఫొటో అయిందా అని అడుగుతాంది, అయితాంది అక్కా అంటున్న. భర్త పోయిన మనిషికి, ఆయన నవ్వు గూడ నా చేతుల పోయిందని ఏ నోటితోని చెప్పాలె? యాకూబ్ పాతయన్నీ పక్కకు తీసి ఈసారి లినక్సును పక్కాగ ఇన్‌స్టాల్ చేసిచ్చిండు. ఇప్పుడు నడుస్తాంది, గట్టిగనే. ఏం ఫాయిదా?

ఆఖరికి ఆధార్ కార్డు మీది ఫొటో పెద్దగ చేసిన. దానికి నవ్వు తెప్పిద్దామని పెదవుల కొసలు పట్టి గుంజిన. ఒక దిక్కు గుంజితె వెక్కిరిచ్చినట్టున్నది. రెండు దిక్కుల గుంజితె పన్ను నొప్పితోని దవాఖాన ముంగట కూసున్నట్టున్నది. రెండోదే నయమనిపిచ్చి ప్రింటు తీసి ఫ్రేము కట్టిచ్చిన. పేపర్ చుట్టి, మీద దారం గూడ కట్టిన. ఎంత ఆలస్యంగ విప్పితె అంత మంచిదని మూడు ముడులేసిన.

పెద్ద దినం నాడు యాకూబ్ బండి మీద ధర్మసాగర్ పోయినం. పేపర్ చుట్టిన ఫ్రేము ఇంట్ల కుర్చీల పెట్టి, దండ ఏసేటప్పుడు విప్పుదాం అక్కా అన్న. అక్క సరే అన్నది. అందరం చెరువు కట్ట మీదికి పోయినం, పిట్టకు పెట్టడానికి. మా దిక్కు పోయినోళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరాకుల పెట్టి, పక్కకు జరిగి నిలబడుతం. కాకి వచ్చి ముట్టాలె. ముట్టితె పోయిన మనిషి మనసుల ఏ కొరత లేదని. ముట్టేదాక ఇంట్ల ఎవ్వలు అన్నం ముట్టరు.

అన్నం, మటన్, ఉడికిచ్చిన గుడ్డు, గారెలు, ఒక సీసల కల్లు, ఒక బీడీ కట్ట. అన్నీ బావకు ఇష్టమైనవే. పెట్టి పక్కకు జరిగినం.

కాకి వచ్చింది. దూరంల రాయి మీద కూసున్నది. మెడ వంచి చూసింది. రాలే.

గంటైంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. వంటలు ఇంటి కాడ చల్లారుతాన్నయి, పొద్దటి సంది ఎవ్వలు ఏం తినలే. మా నర్సయ్య తాత, బావకు మేనమామ, ఎనభై దాటినోడు, పోయినాయనకు ఏం కొరత ఉన్నదో ఒక్కొక్కలు వచ్చి మాటియ్యుండ్రి అన్నడు. అక్క బిడ్డ వచ్చి అమ్మను నేను చూసుకుంట నాయినా అని ఏడ్చింది. కాకి కదల్లే. అల్లుడు వచ్చి ఇగ నేను తాగ మామా అన్నడు. ఆ మాటకు రాయి మీది కాకి గూడ లేచిపోయింది.

అక్క నా దిక్కు తిరిగింది.

"సాంబీ, నువ్వు పో. నీ మీద పాణం ఉండె ఆయనకు."

విస్తరాకు ముంగట కూసున్న. అక్కను మంచిగ చూసుకుంట బావా అన్న. లేచిపోయిన కాకి మల్ల వచ్చి అదే రాయి మీద కూసోని, సక్కగ నా మొఖమే చూస్తాంది. ఎనుక నుంచి యాకూబ్ మెల్లగ, చెప్పెయ్యన్నా అన్నడు.

ఇగ ఆగలే. అంతా చెప్పిన. నీ నవ్వు ఫొటో పోగొట్టిన బావా అన్న. కాపీ కొట్టాల్సింది కట్ కొట్టిన, ట్రై మీద నడుస్తాంది అన్న సోయి లేకుంట మెయిన్ బంద్ చేసిన, తప్పు యాకూబ్‌ది కాదు, లినక్స్‌ది గూడ కాదు, నాదే అన్న. ఇంట్ల పేపర్ చుట్టి పెట్టింది కార్డు మీది మొఖమే, మూతి గుంజి పెట్టిన అని గూడ చెప్పిన. చెరువు కట్ట మీద ఎండల, కాకి ముంగట, ఒక లినక్స్ పాఠం మొత్తం అప్పజెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిన.

అక్క వచ్చి నా పక్కన కూసున్నది. కొడుతదేమో అనుకున్న. కొట్టినా బాగుండు.

"ఒక్కటి గూడ లేదా?"

"లేదక్కా."

చెరువు దిక్కు చూసుకుంట అడిగింది.

"ఆ ఫొటో తీసింది ఎవలో యాదికున్నదారా?"

నాకు యాదిలేదు.

"నువ్వే. ఇంకొంచెం ఎనుకకు, ఇంకొంచెం ఎనుకకు అనుకుంట పోయి ఎంగిలాకుల కుప్పల ఎల్లకిల పడ్డవ్. పడేటప్పుడే నొక్కినవ్. అప్పుడు నవ్విండ్రా ఆయన. నువ్వు పడ్డదానికి. ఇంటికొచ్చి గూడ రెండొద్దులు నవ్విండు, అన్నం తినుకుంట నవ్విండు." కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "నువ్వు ఇట్ల పడుతనే ఉంటవ్ గని, ఆయన లేకపాయె నవ్వడానికి."

అనంగనే ఏడ్చింది. ఏడ్పుల్నే నవ్వింది. బిడ్డ వచ్చి పట్టుకున్నది, ఆమెకు గూడ నవ్వాగలే. ఆ పెండ్లిల నా కొత్త అంగికి అంటిన పప్పు, పెరుగు గురించి ఎవలో ఎనుక నుంచి యాది చేసిన్రు. కట్ట మీద అందరు కండ్లు తుడుచుకుంట నవ్వుతాన్రు, ఏది దేనికో తెల్వకుంట. ఆకు కాడికి కాకి ఎప్పుడు వచ్చిందో ఎవ్వలం చూడలే. నర్సయ్య తాత కట్టెతోని చూపెడితె తిరిగి చూసినం. ఒకటి కాదు, మూడు కాకులు. గుడ్డు అప్పటికే లేదు.

ఇంటికొచ్చి కాళ్లు చేతులు కడుక్కున్నం. నా మూడు ముడులు అక్కనే విప్పింది. చూసింది. కొంగుతోని అద్దం తుడిచింది, అంతే. ఎవల ఫోన్‌లన్న బావ ఉన్నడేమో ఎతుకుండ్రి అన్నది. అందరు ఫోన్లు తీసిన్రు. ఒకలి పెండ్లిల ఉన్నడు, ఒకలి గృహప్రవేశంల ఉన్నడు, ఒకలి బోనాలకాడ ఉన్నడు. ఏడు ఫోన్లల్ల దొరికిండు బావ. ఏడింటిల వీపే ఉన్నది. చేసేదేం లేక నా ఫ్రేముకే దండ ఏసిన్రు.

టెంటు కింద వరుసగ చాపలేసిన్రు. పొద్దటి సంది కడుపు మాడ్చుకున్నోళ్లం, అందరం ఒక్కసారి కూసున్నం. అక్కను గూడ బలవంతంగ నడుమ కూసోబెట్టినం. పదకొండొద్దుల సంది ఆమె కడుపునిండ తిన్నది లేదట, బిడ్డ చెప్పింది. మొదటి ముద్ద నోట్ల పెట్టుకునేదాక అందరం ఆమె చెయ్యే చూసినం. పెట్టుకున్నది. అప్పుడు మేం ఆకు మీద చెయ్యేసినం.

నా పక్కన నర్సయ్య తాత. బుక్క నములుకుంట నములుకుంట కుర్చీల ఉన్న ఫొటో దిక్కు శానసేపు చూసిండు. నా మోచేతిని పొడిచిండు.

"సాంబయ్యా, అగో ఆ దండ ఏసినాయన ఎవలు? ఎవల తరపు?"

"మన తరపే తాతా" అన్న. తల ఎత్తకుంట ఇంకింత పులుసు పోయించుకున్న.